నూక గంజి, నాలుగు చెంచాలు

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మా అవ్వ మొదట అడిగేది "జ్వరం ఎంత ఉంది" అని కాదు, "అన్నం సయిస్తా ఉందా?" అని. సయించడం అనే మాట మేము ఇంట్లో విన్నదే, ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. మాది కన్నడ మీడియం చదువు. బడిలో ఇదే సంగతి చెప్పాలంటే "ఊట సేర్తిల్ల" అనేవాళ్ళం. వాళ్ళ సేరడం మన చేరడమే. తెలుగులో అన్నాన్ని ఒళ్ళు ఓర్చుకోదు, కన్నడలో అన్నం ఒంటికి చేరదు. బాధ మటుకు ఒకటే. ఆ బాధలో ఉన్న మనిషికి ఏం పెట్టాలో మేము ఆలస్యంగా నేర్చుకున్నాము, అదీ ఒక తప్పు చేసిన తర్వాత. అందుకే ఇది రాస్తున్నాము.

మాది కోలారు జిల్లా, శ్రీనివాసపురం పక్కన మామిడి తోటల పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో రెండూ. అవ్వ కైవార తాతయ్య తత్వాలు తెలుగులో పాడుకునేది, రేషన్ అంగడిలో కన్నడలో పోట్లాడేది. మేమంటే అక్కా తమ్ముడూ ఇద్దరం. ఇద్దరమూ బెంగళూరులోనే ఉంటాము. ఒకరిది బ్యాంకు పని, ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అక్షరాలు టెస్టింగ్ చేసే చేతివి, మాటలు ఇద్దరివీ.

2019 వానాకాలంలో నాయనకి డెంగీ వచ్చింది. అమ్మకి కూడా అదే వారం జ్వరం. అమ్మ పడుకుంటే మా ఇంట్లో వంటిల్లు మూసినట్టే. నాయనని ఆస్పత్రిలో మూడు రోజులు ఉంచి, ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయని ఇంటికి పంపారు. "నీళ్ళ పదార్థాలు బాగా ఇవ్వండి, తేలికగా తినిపించండి" అన్నారు. తేలికగా అంటే ఏమిటో మేము అడగలేదు, తెలుసనుకున్నాము.

మాకు తెలిసింది బన్ను. బెంగళూరులో జబ్బు చేసిన ఇంటికి వెళ్ళేవాళ్ళ చేతిలో అయ్యంగార్ బేకరీ బన్ను, అరడజను మోసంబీలు తప్పకుండా ఉంటాయి. మా మేజా మీద రెండు రోజుల్లో నాలుగు ప్యాకెట్ల బ్రెడ్డు, రెండు డబ్బాల ప్రొటీన్ పొడి, కివి పండ్లు చేరాయి. నాయన వాటి వైపు చూసేవాడు కాదు. బ్రెడ్డు పాలలో ముంచి పెడితే నోట్లోనే పెట్టుకుని కూర్చునేవాడు. "నోరంతా చేదు, మట్టి తిన్నట్టు ఉంది" అనేవాడు. మేము బతిమాలాము, తర్వాత విసుక్కున్నాము. "తినకపోతే మళ్ళీ ఆస్పత్రికే" అని బెదిరించాము కూడా. రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అసలు తప్పు అది కాదు. నాయనకి షుగర్ ఉంది. తిండి మానేసినా మాత్రలు మాత్రం మేము గడియారం చూసి వేశాము. మందు మానకూడదు అనే మాట ఒకటే బుర్రలో ఉంది. ఇంటికొచ్చిన రెండో రాత్రి, రెండు గంటలప్పుడు నాయన లేచి కూర్చుని అక్కని వాళ్ళ చెల్లెలి పేరుతో పిలిచాడు. బనియన్ తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. జ్వరం తగ్గి చెమట పడుతోందనుకున్నాము. అక్క ఎందుకో షుగర్ మిషన్ తీసి చూసింది. 54. గ్లాసులో కొన్ని నీళ్ళు పోసి మూడు చెంచాల చక్కెర కలిపి తాగించాము. పదిహేను నిమిషాల తర్వాత చూస్తే 82. అప్పుడు నాయన "ఎందుకట్ల చూస్తా ఉండారు?" అని మమ్మల్ని అడిగాడు.

డాక్టరుకి ఫోన్ చేశాము. ఆయన కోప్పడలేదు. అలాంటి మాత్ర పని ఒంట్లో చాలాసేపు ఉంటుంది కాబట్టి తెల్లారేదాకా మళ్ళీ మళ్ళీ చూడమన్నారు, రెండు మాత్రల్లో ఒకటి తిండి మొదలయ్యేదాకా ఆపమన్నారు. షుగరు మాత్రలో, ఇన్సులినో తీసుకునే మనిషి తినడం తగ్గిస్తే, మందు ఎంత వేయాలో అదే రోజు డాక్టరుని అడగాలి. సొంతంగా ఆపనూ కూడదు, పాత లెక్కలోనే వేస్తూ పోనూ కూడదు. మీ ఇంట్లో షుగరు మనిషి ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, మిగతాది మరిచిపోయినా పర్వాలేదు.

తెల్లారి ఆరు గంటలకి అవ్వకి ఫోన్ చేశాము. ఆమెకి అప్పటికి ఎనభై దాటాయి. కొడుకుకి డెంగీ అని చెప్పామే కానీ రాత్రి సంగతి చెప్పలేదు.

"ఏం పెడతా ఉండారమ్మా మీ నాయనకి?"

"బ్రెడ్డు అవ్వా, పాలు, పండ్లు."

కాసేపు ఏమీ పలకలేదు. "వాడు పుట్టి పెరిగింది ఏం తిని? నూకలు ఉండాయా ఇంట్లో?"

మా ఇంట్లో నూకలు లేవు. సోనా మసూరి బియ్యం మిక్సీలో రెండు తిప్పులు తిప్పమంది. ఒక గుప్పెడు నూక, ఒక చెంచా పెసరపప్పు, రెండూ నూనె లేకుండా వాసన వచ్చేదాకా దోరగా వేయించాలి. "ఎర్రగా అయ్యేది వద్దు, వాసన వస్తే చాలు." గుప్పెడుకి పది గుప్పెళ్ళ నీళ్ళు, అర చెంచా జీలకర్ర, చిన్న శొంఠి ముక్క. నూక వేలితో నలిపితే నలిగిపోవాలి. దించాక ఉప్పు. చల్లారితే గట్టిపడుతుంది, అప్పుడు వేడి నీళ్ళు పోసి మళ్ళీ పలచన చెయ్యాలి. ఇదంతా చెప్పి చివరికి అంది, "గిన్నె నిండా తీసుకుపోవద్దు. గిన్నె చూస్తేనే వాడికి కడుపు నిండిపోతుంది. నాలుగు చెంచాలు పెట్టి లేచి వచ్చేయండి. గంట ఆగి మళ్ళీ నాలుగు."

పక్కన ఉప్పులో ఊరిన నారదబ్బకాయ ముక్క పెట్టమంది. కన్నడలో హేరళెకాయి అంటారు. మా దగ్గర అది లేక, ఉప్పు నిమ్మకాయ ముక్క పెట్టాము. తినడానికి కాదు, నాలుకకి తాకించడానికి. నాయన తాకించుకుని మొహం ముడుచుకున్నాడు, తర్వాత నాలుగు చెంచాల గంజి మింగాడు. నాలుగు రోజుల్లో అడగకుండా తిన్నది అదే మొదటిసారి. అక్క వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

టెస్టింగ్ పనిలో మాకున్న అలవాటు, ఏం చేశామో, ఏమైందో రాసి పెట్టడం. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి గంట గంటకీ రాశాము. ఎన్ని గంటలకి, ఏమిటి, ఎన్ని చెంచాలు, నిలిచిందా, షుగర్ ఎంత, ఒంటికి వెళ్ళాడా. అలా రాస్తే మా అరుపులు తగ్గాయి. "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు" అని మేము అనుకున్న రోజు కాగితం చూస్తే ముప్పై చెంచాలు దాటి ఉండేవి.

ఆ వారం రోజుల్లో పనికొచ్చినవి ఇవి.

మొదటి రెండు రోజులు నూక గంజి. ఒకసారి జీలకర్రతో, ఒకసారి వాముతో. మధ్యలో ఉప్పు వేసిన పలచటి మజ్జిగ.

తర్వాత కందికట్టు. కందిపప్పు మెత్తగా ఉడికించి పైన తేరిన నీళ్ళు తీసి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి వేసి ఒక పొంగు రానివ్వడం. ఊళ్ళో మేము మిరియాల చారు అంటాము, పక్కింటివాళ్ళు మెణసిన సారు అంటారు. చింతపండు పేరుకి మాత్రమే. నోటి చేదుని ఇది కొంచెం కోస్తుంది. అన్నం గుజ్జుగా పిసికి ఇందులో కలిపితే నమలాల్సిన పని ఉండదు.

మూడోది మొలక రాగి జావ. కన్నడంలో రాగి సరి అంటారు, పసిపిల్లలకి పెడతారు. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, మొలకలొచ్చాక నీడలో ఆరబెట్టి, సన్న సెగన వేయించి, మరలో ఆడించి, గుడ్డలో జల్లించాలి. మామూలు రాగి పిండి ఎక్కువ వేస్తే సంగటిలా బిగుసుకుంటుంది. మొలక పిండి అంతే వేసినా తాగేటట్టే ఉంటుంది. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండి పదార్థాన్ని విడగొడతాయి కాబట్టి అలా. అంటే అవే నాలుగు చెంచాల్లో ఎక్కువ బలం పోతుంది. తక్కువ తినే మనిషికి కావాల్సింది అదే. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళకి బెల్లం లేకుండా, మజ్జిగ కలిపి ఉప్పుతో.

అయిదో రోజుకి ఇడ్లీ ఒకటి, తర్వాత మెత్తటి పెరుగన్నం, ఉడికిన గుడ్డు. గుడ్డు నాయనే అడిగాడు. ఆ రోజు కాగితం మీద అక్క నక్షత్రం గుర్తు వేసింది.

గంజి పని గంజిదే, దానితో అన్నీ తీరవు. డెంగీలో జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే జాగ్రత్తగా చూడాల్సినవి. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, మత్తుగా పడి ఉండడం, ఒంటికి సరిగ్గా వెళ్ళకపోవడం, వీటిలో ఏది కనిపించినా గంజి గిన్నె అక్కడే పెట్టి ఆస్పత్రికి పోవాలి. వాంతులు, విరేచనాలు అయ్యే జబ్బులో అయితే ముందు ఓఆర్‌ఎస్. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలకొట్టి ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువ కాకూడదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బొంగావ్ శిబిరంలో కలరా వస్తే, సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు చక్కెర నీళ్ళనే తాగించి చాలామందిని బతికించారు. పేగులో చక్కెర తోడుంటే ఉప్పు, దానితో నీళ్ళు బాగా లోపలికి పోతాయి. బియ్యం గంజిలోని పిండి కూడా కడుపులో చక్కెరగానే విడిపోతుంది. ఉప్పు వేసిన గంజి వెనక కూడా ఆ లెక్కే ఉందని చదివినప్పుడు మేము అవ్వకి చెప్పాము. "ఉప్పు లేని గంజి ఎవురు తాగుతారు?" అంది.

మూడేళ్ళ తర్వాత ఆమె వంతు వచ్చింది. జ్వరం లేదు, నొప్పి లేదు. తినడం తగ్గిపోయింది, అంతే. బెంగళూరుకి తెచ్చి చూపించాము. వయసు, గుండె బలహీనం, బలవంతంగా తినిపించవద్దు, పొలమారితే ప్రమాదం అన్నారు డాక్టరమ్మ. ఫ్రిజ్ మీద మళ్ళీ కాగితం అంటించాము. ఈసారి నూకలు ఊరి నుంచే తెప్పించాము. ఆమె చెప్పినట్టే వేయించి, ఆమె చెప్పినన్ని నీళ్ళు పోసి, మంచం పక్కన కూర్చోబెట్టి మొదటి చెంచా పెట్టాము.

"ఎవురు చేసింది?"

"మేమే అవ్వా."

"ఉప్పు తక్కువైంది," అంది. రెండు చెంచాలు తాగి చెయ్యి అడ్డం పెట్టింది. మేము మూడోది పెట్టబోయాము. నాయన మా చెయ్యి పట్టుకుని ఆపాడు. "నాలుగు చెంచాలు పెట్టి లేచి వచ్చేయమని నాకు చెప్పింది ఆమేగా. రెండే అంటే రెండే," అన్నాడు.

తర్వాత ఆరు వారాలు ఉంది. ఆ కాగితంలో అంకెలు రోజు రోజుకీ తగ్గాయి. మాకున్న అలవాటు ప్రకారం తగ్గుతున్న అంకె చూస్తే ఎక్కడో తప్పుంది, సరి చెయ్యాలి అనిపిస్తుంది. ఇందులో సరి చెయ్యడానికి ఏమీ లేదని ఒప్పుకోవడానికి మాకు చాలా రోజులు పట్టింది. చివరి వారం అంకెలు రాయడం మానేసి, ఆమె ఏం మాట్లాడిందో రాశాము.

ఆ రెండు కాగితాలూ మా దగ్గర ఉన్నాయి. మాటలు తెలుగువి, అక్షరాలు కన్నడవి. అప్పటికి మాకు తెలుగు రాయడం రాదు. తలకట్టు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఒత్తాలో ఈమధ్యే నేర్చుకుని, వాటిని చూసి ఇది తెలుగులో ఎక్కించాము. తప్పులుంటే దిద్దండి.

మీ ఇంట్లో నూక గంజిని ఏమంటారో, అందులో మీ పెద్దవాళ్ళు ఏం వేసేవాళ్ళో కూడా చెప్పండి. హోసూరులో, బరంపురంలో, యానాంలో, షోలాపూరులో తలా ఒక పేరు ఉంటుంది. ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి. ఉప్పు ఎంతో కూడా అడగండి. మేము అడగలేదు.