కేప్‌టౌన్‌లో చివరి రెండు రోజులు

దక్షిణాఫ్రికాలో పాఠశాల పిల్లలకు స్వచ్ఛందంగా గణితం బోధించిన మా దంపతులకు తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులే మిగిలాయి. శనివారం రాబెన్ దీవిలో మండేలా చెరగదిని చూశాము. ఆయనకు దాదాపు రెండు శతాబ్దాల ముందే, 1780లో, డచ్చివారు తిదోర్ ద్వీపవాసి ఇమామ్ అబ్దుల్లాహ్‌ను కేప్‌కు తెచ్చి ఇదే దీవిలో బంధించారు. జనులు ఆయనను ‘తువాన్ గురు’ అన్నారు. గురు అన్నమాట మనదే కదా! ఆ చెరలో ఆయన దివ్య ఖుర్ఆన్‌ను కేవలం జ్ఞాపకం నుండి లిఖించారు.

ఆదివారం మిత్రులు టేబుల్ కొండకు రమ్మన్నారు. కొండలు మా ప్రకాశం జిల్లాలోనూ ఉన్నాయి; మేము బోకాప్ వాడకు నడిచాము. అక్కడి అవ్వల్ మస్జిదు 1794 నాటిది; పేరుకు తగినట్లే ఆ దేశంలో మొదటిది. దాని స్థలాన్ని ఇచ్చినది సార్ట్యే అనే మహిళ. ఆమె తండ్రి విముక్తి పొందిన బానిస. తొలి ఇమామ్ తువాన్ గురువే. ఆయన చేతివ్రాత ప్రతిని గాజు అరలో భద్రపరిచారు. దాని ముందు చాలాసేపు నిలిచాము.

వెలిగండ్లలో దాదీ వద్దనున్న మా అమ్మాయి హిఫ్జ్ సగంలో ఆపివేసింది. గ్రంథం ఇంట్లోనే ఉండగా కంఠస్థం దేనికన్నది ఆమె ప్రశ్న. ఆ రాత్రి ఫోనులో ఈ వృత్తాంతమంతా వినిపించాము. కొంతసేపు మౌనం.

“మధ్యలో మరచిపోతే ఆయనకు ఎవరు అందించేవారు, అబ్బా?” అని అడిగింది.