వత్తి నలిపినట్టు తిరగాలి

రండి, రండి. గోడకవతల నిలబడి ఎంతసేపని తొంగిచూస్తారు? ఇటొచ్చి ఆ పీట లాక్కుని కూర్చోండి. టీ వస్తుంది. ఒక్క మాట, కిక్కు రాడ్డు మీద మాత్రం కాలు పెట్టకండి. రాత్రి ఎనిమిదింటికి ఆపిన బండి ఇది. ఇప్పుడు తెల్లారి అయిదున్నర. ఇంజను పూర్తిగా చల్లారింది. ఈ చల్లదనం కోసమే కోడికంటే ముందు లేచాను.

ఇవాళ బుల్లెట్‌కు టాపెట్లు చూస్తున్నా.

మొహం అలా పెట్టారేం? కొందరికి పేకాట, కొందరికి గోదాట్లో గాలం. నాకు టాపెట్లు. రెండు నెలల నుంచి ఎదురుచూస్తున్నా, ఎప్పుడు చప్పుడు పెరుగుతుందా అని.

చల్లగా ఉన్నప్పుడే సెట్టింగ్ చేయాలని బండి పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం రాసినవాళ్లు మే నెలలో మన బూర్గంపాడు వచ్చి ఉండరు. రోహిణి కార్తెలో ఇక్కడ నీడన పెట్టిన పానా కూడా చేతికి చురుక్కుమంటుంది. భద్రాచలం, కొత్తగూడెం ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? అందుకే మనకు ముహూర్తం ఒక్కటే. కాకులు లేవకముందు, గోదావరి మీదనుంచి కాస్త గాలి తగిలేటప్పుడు.

నంబరు చూశారా? ఏపీ 20. ఖమ్మం జిల్లా అన్నమాట. 2016లో మనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది, కొత్త బండ్లకు 28 వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే కుకునూరు, వేలేరుపాడు, మన మండలంలో కొన్ని ఊళ్లు ఆంధ్రలోకి వెళ్లాయి. ఆ ఊళ్ల మీదుగా వెళ్తే దీన్ని అక్కడి బండే అనుకుంటారు. ఇక్కడ తిరిగితే ఇక్కడిదే. అడ్డొచ్చేదేముంది!

సరే, పనిలోకి వద్దాం. ఇది కుడికాలి గేరు, పోత ఇనుము ఇంజను. 350 అంటాం గానీ లెక్కకు 346 సీసీ. పిస్టన్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, అది కిందికీ పైకీ నడిచే దూరం 90. పొడుగాటి అడుగులు. ఆ డగ్ డగ్ అంతా ఆ అడుగులదే. మద్రాసులో 1955లో పెట్టిన ఎన్‌ఫీల్డ్ ఇండియా దశాబ్దాల పాటు ఇదే తరహా ఇంజను చేసింది.

ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతోందనుకోండి. ఒక్కో వాల్వు అందులో సగం, అంటే 1500 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. సారపాక దాటి, వంతెన ఎక్కి, భద్రాచలం చేరడానికి ఓ పావుగంట. అంటే 22,500 సార్లు! మన ఇంటి తలుపుకు ఆ గతి పడితే బందులు ఏనాడో ఊడిపోయేవి. అంత కొట్టుకుంటే అరుగుదల ఉండదూ? అరిగితే టాపెట్ల దగ్గర, అంటే వాల్వుకూ దాన్ని తోసే భాగాలకూ మధ్య, సందు మారుతుంది. మారిన సందును మళ్లీ దారికి తేవడమే ఈ పని. ఇంత చిన్న విషయం.

మీ రాజ్‌దూత్ సంగతా? దానికి టాపెట్లే లేవు కదండీ! పాత యెజ్డీకీ లేవు, ఆర్‌ఎక్స్ 100కీ లేవు. పిస్టనే కిందికీ పైకీ పోతూ కన్నాలు మూసి తెరుస్తుంది. పాపం, ఆ బండ్లవాళ్లకు ఈ సుఖం లేదు. 2009 ప్రాంతంలో వచ్చిన కొత్త బుల్లెట్ ఇంజన్లకూ లేదు. వాటిలో ఆయిలే ఒత్తిడితో సందు సరిచూసుకుంటుంది. మంచి ఏర్పాటే. కానీ ఆదివారం పొద్దున వాళ్లేం చేస్తారో నాకు తెలియదు.

ఇదిగో, ప్లగ్గు తీశాను. ఆ కన్నం మీద బొటనవేలు పెట్టండి. పెట్టండి, ఏం కాదు. నేను కిక్కర్‌ను చేత్తో మెల్లగా నొక్కుతా. ఆఁ! తోసిందా వేలిని? అదే కంప్రెషన్. పిస్టన్ గాలిని నొక్కుతూ పైకి వస్తోంది, రెండు వాల్వులూ మూసుకుని ఉన్నాయి. ఇంకొంచెం తిప్పి పిస్టన్‌ను పై అంచుకు తేవాలి. కొబ్బరిబొండాంలో పెట్టే ప్లాస్టిక్ గొట్టం కన్నంలో దింపితే, అది పైకి లేచి లేచి ఓ చోట ఆగుతుంది. ఆగిందా? అక్కడే.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. పిస్టన్ పై అంచుకు రెండుసార్లు వస్తుంది. రెండోసారి వచ్చినప్పుడు పొగ బయటికి పోతూ ఉంటుంది, వాల్వులు కాస్త తెరుచుకునే ఉంటాయి. ఆ చోట సెట్టింగ్ చేశామో, లెక్కంతా తారుమారు. అందుకే ముందు వేలు, తర్వాత గొట్టం.

ఇక కుడిపక్కన ఈ చిన్న మూత. మధ్యలో ఒక్కటే నట్టు. తీస్తే లోపల పక్కపక్కనే రెండు పుష్‌రాడ్లు. చూశారా ఎంత ముచ్చటగా ఉన్నాయో, తడిగుడ్డ చుట్టుకుని నిలబడ్డ అన్నదమ్ముల్లా ఆయిల్లో మెరుస్తూ! ఒకటి పెట్రోలు గాలి లోపలికి వచ్చే వాల్వుది, ఇంకోటి పొగ పోయే వాల్వుది.

సందు కొలిచే ఫీలర్ గేజ్ ఎక్కడ అంటారా? హీరో హోండాకైతే కావాలి. దానికి పైన రెండు గుండ్రటి మూతలు, లోపల తల వెంట్రుక మందమంత సందు. రేకు దూర్చి చూడాల్సిందే. ఈ పాత బుల్లెట్‌కు గేజ్ వేళ్లే. ఇలా పుష్‌రాడ్‌ను బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని తిప్పాలి. హాయిగా తిరగాలి. పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అమ్మ దీపానికి వత్తి చేస్తుంది చూడండి, దూదిని రెండు వేళ్ల మధ్య పెట్టి నలుపుతుంది. గట్టిగా నొక్కదు, జారనివ్వదు. సరిగ్గా అంతే ఒత్తిడి.

సందే లేకపోతే వేడెక్కాక ఏమవుద్ది అని కదా మీ అనుమానం? మంచి ప్రశ్న. బ్యారెల్ పోత ఇనుము, పుష్‌రాడ్ అల్యూమినియం. అల్యూమినియం వేడికి ఇనుముకన్నా ఎక్కువ సాగుతుంది. కానీ మంట పక్కనున్న బ్యారెల్ ఎక్కువ వేడెక్కుతుంది. రెండూ కలిసి పెరుగుతాయి. అందుకే ముందుగా సందు వదలక్కర్లేదు. ఎవరో మహానుభావుడు కూర్చుని ఇంత ఆలోచించాడంటే దండం పెట్టాలనిపించదూ!

ఇది కాస్త వదులుగా ఉంది. టిక్కుటిక్కు దీనిదే. పల్చటి పానాతో కింద పట్టుకుని, ఇంకోదానితో లాక్‌నట్టు వదులు చేసి, కొంచెం, కొంచెమంటే చింతగింజంత తిప్పుడు. ఇప్పుడు చూడండి. ఊఁ. ఇంకా గట్టిగా వద్దు. వదులైతే చప్పుడు చేసి చెబుతుంది. బిగుసుకుపోతే నోరు మెదపదు. వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట ఆ సందులోంచి పోతుంది, అంచు కాలిపోతుంది. ఓ రోజు కిక్కు మీద కిక్కు కొట్టినా బండి లేవదు.

ఇక లాక్‌నట్టు బిగించడం. బిగించేటప్పుడే సెట్టింగ్ కదులుతుంది, ఇది దాని పుట్టుబుద్ధి. మళ్లీ వేళ్లతో చూడాలి. మళ్లీ వదలాలి, మళ్లీ బిగించాలి. నాలుగోసారికి కుదిరింది. తిప్పి చూడండి. ఎలా ఉంది? చెప్పానా!

ఈ చప్పుడంటే గుర్తొచ్చింది. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, గుర్తుందిగా? 1986 వరద చూసిన పెద్దవాళ్లు ముందే చెబితే బండిని మెరక మీదికి చేర్చాను. నీళ్లు తీశాక, ఊరంతా ఒండ్రు వాసన. కిక్కు కొట్టాను. ఆ బురద వీధిలో మొదట వినపడింది ఈ టాపెట్ల సన్నని చప్పుడే. ఎంత ప్రాణం లేచొచ్చిందో!

మూత పెట్టేశాను. కార్క్ ప్యాకింగ్ చిట్లలేదు, అదృష్టం. ప్లగ్గు బిగించాను. ఇప్పుడు తాళం తిప్పి, అమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా మెల్లగా కిక్కర్ నొక్కి, డికంప్రెషర్ పట్టి కొంచెం ముందుకు... వదిలి... ఒక్క కిక్కు.

విన్నారా? టిక్కుటిక్కు పోయింది. డగ్ డగ్ ఒక్కటే మిగిలింది. వదినగారు కూడా మీ ఇంటి కిటికీలోంచి చూస్తున్నారు, నిద్రలేపినందుకేమో. ఆమెకు నేను సర్దిచెబుతాలెండి.

వచ్చే ఆదివారం మీ అల్లుడి బుల్లెట్ తీసుకురండి. తోసుకుంటూ తీసుకురావాలి సుమా! స్టార్టు చేసి వచ్చారో, సాయంత్రం దాకా ఇదే పీట మీద కూర్చోబెడతాను.