చోడంబలి కలిపిన బ్రెడ్డు

రామతీర్థం వచ్చేవాళ్ళు కోదండరాముడి దర్శనానికొస్తారు. శివరాత్రి జాతరకొస్తారు. చరిత్ర మీద మోజున్నవాళ్ళు గురుభక్తుల కొండెక్కి బౌద్ధుల కాలం నాటి ఇటుక గోడలు చూసి దిగుతారు. దర్శనమయ్యాక మా ఇంటికొచ్చే చుట్టాలు మాత్రం ఈమధ్య చెప్పులు విడుస్తూనే వంటింట్లోకి తొంగిచూస్తున్నారు, గిన్నెలో ఏ పిండి పొంగుతోందోనని. నాకు బ్రెడ్డు పిచ్చి పట్టిందన్న కబురు నెల్లిమర్ల దాటి విజయనగరం చేరిపోయింది మరి.

మన చిన్నప్పుడు బ్రెడ్డంటే జ్వరమొచ్చినవాళ్ళ తిండి, అవునా? 1965లో సర్కారువారు పెట్టిన మోడరన్ బేకరీస్ వాళ్ళ బ్రెడ్డు పొట్లం ఇంటికొచ్చిందంటే ఎవరో మంచం మీదున్నట్టే లెక్క. పాలల్లో ముంచి పెట్టేవారు. అలాంటిది 2020 లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా ఇంట్లో కూర్చుని బ్రెడ్డుపిండి పిసికింది. ఈస్టుకి కరువొచ్చిన చోట సీసాలో పిండీ నీళ్ళూ కలిపి, రోజూ కాస్త తీసేసి కొత్తపిండి వేస్తూ పులియబెట్టుకున్నారు. సార్‌డో అంటే అదే, మన మాటల్లో పులిపిండి. వీడియోలు చూసి మనవాళ్ళూ అదేదో బ్రహ్మవిద్య అనుకుంటున్నారు. పులియబెట్టడం మనకొకరు నేర్పాలా? తరవాణి కుండ నడిపిన ఇళ్ళు మనవి. రుబ్బిన పిండి మూత తీసి వాసన చూసి, ఇంకో గంట ఉంచాలో వద్దో చెప్పేస్తాం. మనం కొత్తగా తెలుసుకోవాల్సింది గోధుమ గుణం.

గోధుమలో గ్లయడిన్, గ్లుటెనిన్ అని రెండు మాంసకృత్తులున్నాయి. నీళ్ళు తగిలి, పిసుకుడు పడేసరికి రెండూ కలిసి గ్లూటెన్ అనే సాగే వల అల్లుకుంటాయి. పులుపులో పుట్టిన గాలి ఆ వలలో చిక్కుకుని ముద్ద పైకి లేస్తుంది. చోళ్ళకీ (రాగులు), గంట్లకీ (సజ్జలు), జొన్నలకీ, బియ్యానికీ ఆ వల లేదు. మరి ఇడ్లీ ఎలా పొంగుతుందంటారా? గాలి పుట్టించేది ముఖ్యంగా ల్యూకోనాస్టాక్ అనే సూక్ష్మజీవి. దాన్ని పట్టి ఉంచేది మినప్పప్పు జిగురు. దిబ్బరొట్టె గుట్టూ అదే. పైగా ఇనప మూకుట్లో పిండి పోసి, మూత మీద నిప్పులు పెట్టి కాల్చిన మన పాతకాలపు పద్ధతికీ, బ్రెడ్డువాళ్ళు మురిసిపోయే డచ్ ఓవెన్‌కీ పెద్ద తేడా లేదు. కింద సెగ, పైన సెగ, లోపల బందీ అయిన ఆవిరి. నా మొదటి గుండ్రటి బ్రెడ్డు చూసి పక్కింటి అప్ప, "ఏటే అమ్మీ, దిబ్బరొట్టి ఇంతెత్తు నెగిసిపోనాదేటి? సోడా ఏసినావేటి?" అంది. ఆవిడ పోలికలో తప్పేం లేదు.

ఇక గాలి పుట్టించే దారులు. ఈస్టు పొట్లం తొందరగా పనిచేస్తుంది, రుచి తక్కువ. సార్‌డో తీరిగ్గా పనిచేస్తుంది, పుల్లటి కమ్మదనం ఇస్తుంది. తరవాణి నీళ్ళతో పిండి కలిపితే పులుపు బాగా పడుతుంది కానీ ముద్దని లేపే సత్తువ చాలదు, చిటికెడు ఈస్టు తోడు కావాలి. కల్లుది మాత్రం అసలైన జోరు. గోవాలో పోర్చుగీసువాళ్ళ కాలం నుంచీ కొబ్బరి కల్లుతోనే బ్రెడ్డు పొంగించేవారు. మనకి తాడి ఉంది, ఈత ఉంది, ఏజెన్సీలో జీలుగు ఉంది. పొద్దున్నే దింపిన కల్లు నీళ్ళకి బదులుగా పోస్తే చాలు. మా మామగారికి ఈ సంగతి ఆయన రెండో ముక్క అందుకున్నాక చెప్పాను. ఒక్క క్షణం ఆగి, మూడోది కూడా తిన్నారు.

వంటల పుస్తకాలు చలిదేశాల్లో రాసినవి. 24 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచమంటాయి. వైశాఖంలో మా ఊళ్ళో రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి గిన్నె నిండా జావ. పులుపు మితిమీరితే గ్లూటెన్ వల తెగిపోతుంది. కాబట్టి ఎండాకాలం పులిపిండి సగానికి తగ్గించి, కుండనీళ్ళతో కలపండి. ధనుర్మాసంలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, పొయ్యి వారన పెట్టండి. గడియారం కేసి చూడొద్దు. వేలికి తడి చేసి ముద్దని నొక్కితే గుంట మెల్లగా, సగం వరకూ పూడాలి. టక్కున పూడిందా, ఇంకా టైముంది. అసలు పూడలేదా, వెంటనే కాల్చెయ్యండి.

ఇప్పుడు మన చోడి. విజయనగరంలో దీని మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. వేగావతి, తెల్లటి గింజ హిమ, అక్కడి రకాలే. పొడి చోడిపిండిని గోధుమలో ఎక్కువగా కలిపితే బ్రెడ్డు పొడిపొడిగా రాలుతుంది. అందుకని నేను ముందు అంబలి కాస్తాను. వంద గ్రాముల చోడిపిండి మీద రెండొందల యాభై గ్రాముల మరిగే నీళ్ళు పోసి, ఉండ కట్టకుండా గరిటెతో తిప్పి చల్లారనిస్తాను. ఉడికిన పిండి నీటిని వదలదు, అందుకే బ్రెడ్డు మూడో రోజుకీ మెత్తగానే ఉంటుంది. ఆ ముద్దలో మైదా, గోధుమపిండి చెరి రెండొందల గ్రాములు, ఉప్పు పది గ్రాములు, పులిపిండి వంద గ్రాములు. చెయ్యి చెప్పినట్టు మరికాసిని నీళ్ళు. మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన చోడిపిండి ఒక్క చెంచా వేస్తే ఇంకా మంచిది. మొలకలో ఉండే అమైలేజ్ పిండిని చక్కెరగా విరిచి ఈస్టుకి మేత పెడుతుంది. చెంచా దాటితే మాత్రం లోపల బంకబంకగా అవుతుంది.

ముద్ద పొంగాక కాల్చేటప్పుడు, మామూలు చోడి రంగే ముదురు కాబట్టి కాలిందో మాడిందో కంటికి తెలియదు. తిరగేసి అడుగున వేలితో తట్టండి, డొల్ల చప్పుడు రావాలి. వేడి మీద కొయ్యకండి, గంటసేపు ఓపిక పట్టండి. లోపల పిండి అప్పుడే గట్టిపడుతుంది.

దేంతో తినాలంటారా? జామూ వెన్నా దీని ముందు నిలవవు. గుమ్మడికాయ, ములక్కాడ వేసిన దప్పళంలో ముంచుకోండి. నీచు తినేవాళ్ళయితే నిన్నటి చేపల పులుసు వేడి చెయ్యండి. జ్వరమొచ్చేదాకా ఆగక్కర్లేదు.