రసీదు అడిగితే బేఅదబీయా?

ఎక్కడ వరదొచ్చినా మా బాల్కొండలో జుమ్మా నమాజు అయినంక మస్జిదు గడప దగ్గర ఒక రుమాలు పరుచుకుంటుంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడూ అంతే. మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని జేసీబీ తోలుకుపోయి గట్టుకు చేర్చినవాడు హర్యానా నుంచి బతకొచ్చిన ఒక ముసల్మాను. టీవీల్లో మావాళ్ల ఇళ్ల మీదికి పోతూ కనబడే బండే అది.

అయినా మా రుమాలు చూస్తే ఒక ప్రశ్న పడుతుంది. "ఈ పైసలు ఎటు పోతయి సాయిబూ?" చౌరస్తాలో తిరిగే యువజన సంఘం డబ్బాను ఎవరూ ఇట్లా అడగరు. అడగాల్సిన ప్రశ్నే, అందరినీ అడగాలి. మమ్మల్నే అడగడం వల్ల మాకు ఇంకో నష్టం జరిగింది. బయట అంత అనుమానం ఉంటే లోపల లెక్క అడిగినవాడు ద్రోహి లెక్కన కనబడుతున్నాడు. గడ్డం, టోపీ, నోరారా ఒక సలాం, ఇవే పూచీకత్తు అయ్యాయి. వాట్సాప్‌లో పోస్టరు వస్తుంది, కింద క్యూఆర్ కోడు. స్కాన్ చేస్తే సంస్థ పేరు రాదు, ఎవరో మనిషి పేరు వస్తుంది. "పెద్దమనిషి, ఎట్ల అడుగుతం భాయ్?" అంటారు.

ఇదే భాయ్ పసుపు కొమ్ములు నిజామాబాద్ యార్డుకు తీసుకపోతే కాంటా దగ్గర నిలబడి చూస్తాడు. అడ్తిదారు ఎంత దోస్తయినా తక్‌పట్టీ చేతికి రానిదే కదలడు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు బఖరా సూరాలో 282వది. అది అప్పు రాసుకోవడం గురించి, సాక్షుల్ని పెట్టుకోవడం గురించి. మరి చందా దగ్గర కాగితం మాట ఎత్తితే బేఅదబీ ఎట్లా అవుతుంది?

"ప్రతి పైసా బాధితుడికే, మాకు ఖర్చే లేదు" అనే సంస్థ మీద మాకు నమ్మకం తగ్గుతుంది. లారీ కిరాయి, డీజిలు, బస్తాలు దించిన హమాలీ కూలి ఎవరిచ్చారు? తౌబా సూరా 60వ ఆయతు జకాత్ హక్కుదారుల్లో వసూలు చేసే ఆమిల్‌లను కూడా కలిపింది. ఖర్చు రాసి చూపించేవాళ్లే నయం. ఇంకొకటి, వాళ్లు జమ చేస్తున్నది జకాతా, ఇమ్దాదా? జకాత్ ముస్లిం పేదలకే అని మా ఉలమాల్లో ఎక్కువమంది మాట. సదఖా, ఇమ్దాద్ ఎవరికైనా ఇవ్వచ్చు. విజయవాడ సింగ్‌నగర్‌లో నీళ్లు గడప గడపకూ కులం, మతం అడిగి రాలేదు. వరద పేరుతో అడిగేవాళ్లు ఈ రెండు ఖాతాలూ విడిగా పెట్టి, ఏది ఏదో రసీదు మీదే రాయాలి.

దుబాయిలో ఉన్న మా పిల్లలు ఫోన్ చేసి, క్యాంపులో చందా జమ చేసి పంపుతామంటారు. వద్దంటాం. ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా చందా వసూలు నేరం. ఎవరి జీతంలోంచి వాళ్లు బ్యాంకు ద్వారా పంపుకోవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఇట్లా పంపే సొంత సంపాదన విదేశీ విరాళం కిందికి రాదు. పంపే ముందు సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు, పోయినేటి ఆడిట్ కాగితం తెప్పించుకోమంటాం. "కాగితం లేదంట చిచ్చా, మనిషి మాత్రం మంచోడు" అని మళ్లీ ఫోన్ వస్తుంది. మంచోడైతే రేపు చేయించుకుంటాడు, అప్పటిదాకా ఆగు బేటా అంటాం.