రాళ్ల కింద ఎవరున్నారు

ఫిబ్రవరి 9, లింబాయత్

మీఠీ ఖాడీ వాగు ఒడ్డు బురదను జల్లెడ పట్టి తెల్ల పళ్లెంలో పోశాను. ఎర్ర పురుగులు, దారపు పోగుల్లాంటి ట్యూబిఫెక్స్ పురుగులు. తూనీగ పిల్ల ఒక్కటీ లేదు. ఎర్ర పురుగంటే కైరోనమిడ్ పిల్ల. దాని ఒంట్లో మనలాగే హీమోగ్లోబిన్ ఉంది, అందుకే ఆక్సిజన్ అడుగంటిన మురుగులోనూ బతుకుతుంది. "గా మురికిల చెయ్యి వెట్టకు బిడ్డా" అంది అమ్మ. గ్లౌజులు చూపించాను.

ఫిబ్రవరి 11

నీటి శుభ్రతను అడుగున బతికే జీవులతో కొలిచేందుకు బ్రిటన్‌లో 1970ల చివర్లో తయారైన బీఎండబ్ల్యూపీ పద్ధతిలో ఒక్కో జీవి కుటుంబానికి ఒక్కో మార్కు. మురుగును ఏమాత్రం సహించలేని మేఫ్లై అనే పురుగులకు 10, కైరోనమిడ్‌లకు 2, ట్యూబిఫెక్స్ జాతికి 1. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఈ దారిలోనే నదులకు జీవ కొలత పెట్టింది. సీసాలో పట్టిన నీళ్లు ఆ క్షణం సంగతే చెబుతాయి. నెలల తరబడి అడుగున బతికే పురుగు రాత్రి ఎవరూ చూడకుండా వదిలిన మురుగు నీళ్లకూ సాక్ష్యమే.

ఫిబ్రవరి 15

గోదావరిఖని నుంచి మామ ఫోన్. బొగ్గు బాయి నీళ్లు వాగులో కలుస్తాయట. "తేటగనే ఉంటయి, బర్లు తాగుతయి" అన్నాడు. తేటదనాన్ని నేను నమ్మను. బొగ్గులోని పైరైట్‌కు గాలీ నీరూ తగిలితే గంధకామ్లం పుడుతుంది. మేఘాలయ జైంతియా కొండల వాగులను పాడుచేసింది అదే. సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ, కాబట్టి అక్కడ నాకు ఆమ్లం కంటే బొగ్గు నుసి, కరిగిన లవణాల దిగులే ఎక్కువ. నుసి మేఫ్లై పిల్లల మొప్పలకు పడుతుంది, అవి పాకే రాళ్లనూ కప్పేస్తుంది.

ఫిబ్రవరి 16

గని నీళ్ల దగ్గర మొత్తం మార్కులు చూస్తే చాలదు. ఆ మార్కులు మురుగు కోసం కట్టినవి. ఆమ్లాన్ని తట్టుకునే స్టోన్‌ఫ్లై అనే నీటి పురుగులు కొన్ని ఉన్నాయి, అవి మిగిలితే మార్కు బాగానే కనిపిస్తుంది. అమెరికాలో లెడ్‌విల్ గనుల జింకు కలిసిన అర్కాన్సాస్ నదిలో మాయమైనవి రాళ్లకు అతుక్కుని బతికే చదును మేఫ్లైలు. గని నీళ్లను శుద్ధి చేశాక మళ్లీ వచ్చాయి. అంటే లెక్కించాల్సింది ఎవరు లేరన్నది.

మామకు వాట్సాప్‌లో రాశాను: బాయి నీళ్లు కలిసే చోటుకు ఎగువన కొన్ని రాళ్లు, దిగువన అన్నే రాళ్లు, ఒకే లోతులో, ఒకే వేగమున్న నీళ్లలో తిరగేసి ఫోటో తియ్యి, రాయిని మళ్లీ అలాగే పెట్టు. ఎండలు ముదిరి వాగు ఎండక ముందే కావాలి. ఆదివారం పోతానన్నాడు.