గడ్డివామి మీద నాయకులు

ఎన్నికలైన ఆరు నెలలకు కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో నాయకులు గడ్డివాముల మీదికి ఎక్కుతారు. ఓట్ల కాలంలో కూడలిలో రెండు చేతులూ జోడించి నిలబడిన మనిషి ఇప్పుడు వెల్లకిలా పడుకుని ఆకాశానికి దండం పెడుతుంటాడు. ఇంకొకాయన మొహం సగమే ఉంటుంది. మిగతా సగం పక్కింటివాళ్ల స్నానాల దడికి పోయింది. 1989 నుంచి ఒకే మనిషిని గెలిపిస్తున్న నియోజకవర్గం, ఆ మనిషి ముఖ్యమంత్రి కూడానూ. ఫ్లెక్సీలకు కరువేముంటుంది? పుట్టినరోజుకొకటి, పండక్కొకటి, గంగమ్మ జాతరకొకటి. కట్టినవాళ్లకు విప్పే తీరిక ఉండదు. విప్పుకునేవాళ్లు వేరే ఉన్నారు. మబ్బు పట్టిందంటే ఒక మనిషి కొడవలి తీసుకుని బయల్దేరతాడు. ఏ పార్టీదని చూడడు, ఎన్ని అడుగులుందని చూస్తాడు. "నీళ్లు దిగకుంటే ఏ పార్టీ అయినా మంచిదే" అన్నాడొక పెద్దాయన, తన వామి మీద రెండు పార్టీలనూ పక్కపక్కన పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెడుతూ.

అదే ఊళ్లల్లో 1990ల చివర ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం వచ్చింది. దానివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని చాలా వాదాలు జరిగాయి. వాటి సంగతి నాకెందుకుగానీ, ఆ సేద్యంతో డ్రిప్పు పైపు జనానికి అలవాటైంది. చిల్లులు పూడిపోయి పొలానికి పనికిరాని పైపు ఇంటికొస్తే బట్టలారేసే దండెం అవుతుంది, కంచెకు కట్టే తాడవుతుంది, గుండ్రంగా చుట్టి రెండు కొసలూ కలిపితే పిల్లలు దొర్లించుకునే చక్రమవుతుంది. టైల్సు పెట్టెలకు బిగించి వచ్చే ప్లాస్టిక్ పట్టీలతో మంచాలు అల్లినవాళ్లున్నారు. గ్రానైటు క్వారీల్లో పక్కన పారేసిన ముక్కలు బట్టలుతికే బండలయ్యాయి, రచ్చబండలయ్యాయి. వ్యర్థాల పునర్వినియోగం అంటూ వీళ్లకెవరూ పాఠం చెప్పలేదు. కావలసిన వస్తువు కొనడానికి చేతిలో డబ్బు లేదు, చేతికందిన వస్తువు ఎదురుగా ఉంది, అంతే.

ఈ విద్యలో నూలు చీరను మించింది లేదు. కొత్తలో పెళ్లికీ తిరునాళ్లకూ. రంగు వెలిశాక ఇంట్లోకి. అంచు చినిగితే నడుమ భాగం ఆడపిల్లకు పావడా. ఇంటికి పసిబిడ్డ వస్తే దూలానికి ఉయ్యాల. మడతలు పెట్టి, నాలుగైదు పొరలు పేర్చి, చిన్న చిన్న కుట్లు వేస్తే బొంత. కుట్టే దారం కూడా ఒక్కోసారి పాత చీర అంచులోంచి లాగిందే. ఎండాకాలం మధ్యాహ్నాలు వసారాలో నలుగురు ఆడవాళ్లు నాలుగు పక్కలా కూర్చుని కుట్టేవాళ్లు. ఎవరి కుట్టు వాళ్లది. ఎవరిది వంకర పోయిందో చెప్పుకోవడానికి ఒక సాయంత్రం సరిపోయేది కాదు. బొంత కూడా జీర్ణమైతే పొయ్యి దగ్గర మసిగుడ్డ, ఆ తర్వాత పశువుల కొట్టంలో తుడిచే పేలిక. చివరికి మట్టిలో కలిసేనాటికి ఆ చీరను మొదట కట్టుకున్న మనిషికి మనవరాలు పుట్టి ఉంటుంది.

ఇది సాగడానికి కారణం పొదుపు ఒక్కటే కాదు. నూలు గుడ్డ చించితే చినుగుతుంది, దారం లాగితే వస్తుంది, నీళ్లు పీలుస్తుంది, సూదికి లొంగుతుంది. విడగొట్టడానికి ఒప్పుకునే వస్తువుకే ఇంకో బతుకు. ఫ్లెక్సీ సంగతి అట్లా కాదు. లోపల పాలిస్టరు వల, దానికి రెండు పక్కలా పీవీసీ పూత. కప్పడానికి తప్ప ఇంకెందుకూ రాదు. రెండు ఎండాకాలాలకు పూత పెళుసై రాలుతుంది. ఆ తర్వాత నాయకుడిని ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

కాగితాన్ని మాత్రం మా వైపు ఆడవాళ్లు ఊరికే వదల్లేదు. పాత న్యూస్‌పేపర్లు, పిల్లల నోటుబుక్కులు, పెళ్లి శుభలేఖలు అన్నీ చించి తొట్టిలో నానబెట్టేవాళ్లు. రెండు మూడు రోజులకు ఉబ్బి మెత్తబడతాయి. నీళ్లు పిండేసి, నానిన మెంతులతో కలిపి రోట్లో దంచాలి. మెంతులు ఎందుకంటే ఒకటి, వాటి జిగురు కాగితాన్ని పట్టి ఉంచుతుంది. రెండు, ఆ చేదుకు పురుగు దగ్గరికి రాదు. పిడికిట్లో నొక్కితే వేళ్ల అచ్చు నిలిచేదాకా దంచాలి. ఈ మాట రాసినంత తేలిక కాదు, భుజాలు పడిపోతాయి. అప్పుడు తపేలానో బిందెనో బోర్లించి, తడిగుడ్డ కప్పి, ఆ గుజ్జును ముద్దలు ముద్దలుగా తడుతూ పోవాలి. మందం అంతటా ఒకటిగా లేకపోతే ఎండేటప్పుడు పగులుతుంది. పచ్చిది ఎండలో, సగం ఎండింది నీడలో. గిన్నె నుంచి ఊడదీశాక లోపలా బయటా చింతగింజల గంజి పూసి తెల్లకాగితం అతికేవాళ్లు. ఓపికున్నవాళ్లు పసుపు కలిపిన గంజి పూసి, ముగ్గులు వేసేవాళ్లు. ఆ బుట్టలో కందిబేడలు, చింతపండు, ఒడియాలు ఏడాది పొడుగునా పదిలం. తేలిక, మోగదు, తుప్పు పట్టదు. కిందపడితే సొట్టపోదు. నీళ్లొక్కటే దానికి శత్రువు.

ఇప్పుడీ బుట్టలు హస్తకళల ప్రదర్శనలో వార్నిషు మెరుపుతో కనిపిస్తాయి, ధర అడిగితే చేతులు వెనక్కి తీసుకోవాలి. అందులో తప్పేముంది, చేసినవాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి. వార్నిషు పూసిన బుట్టలో బేడలు పోయడానికి మాత్రం నాకు మనసొప్పదు.

చింతగింజల గంజి అన్నాను కదా. పుంగనూరు అంటే లోకానికి పొట్టి ఆవు గుర్తొస్తుంది. నాకు చింతపండు గుర్తొస్తుంది. శివరాత్రి దాటితే ఆ వైపు అరుగుల మీద ఆడవాళ్లు చింతకాయలు కొట్టి, పెంకు తీసి, ఈనె లాగి, గింజ రాలుస్తూ కనిపిస్తారు. పండు బజారుకు పోతుంది. పెంకు పొయ్యిలోకి. గింజ పారేసేది కాదు. మిల్లుకు పోయి పిండి అవుతుంది. గోనెసంచులు నేసే జనపనారకు, నూలుకు ఆ పిండితో గంజి పెడతారు. గుడ్డ మీద రంగులద్దేటప్పుడు రంగు కారకుండా చిక్కబరచడానికీ అదే. కంబళ్లు నేసే కురుబల ఇళ్లల్లో చింతగింజల గంజి లేకుండా పని జరిగేది కాదు. ఇంట్లో మిగిలిన గుప్పెడు గింజలు పిల్లల పాలు. రాతి మీద ఒకవైపు అరగదీస్తే తెల్లపొట్ట బయటపడుతుంది. అట్లాంటివి నాలుగుంటే పచ్చీసు ఆటకు పాచికలు తయారు. అరగదీసేటప్పుడు గింజ చురుక్కుమని కాలుతుంది. పక్కవాడి చేతికి ఆనించి వాడు ఉలిక్కిపడితే నవ్వడం ఆ తయారీలో ఒక భాగం.

మదనపల్లెలో టమాటా క్రేట్ల కథ వేరు. వెదురు గంపల చోట ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాయి. వాటి మీద మండీల పేర్లు రాసుంటాయి కాబట్టి తిరిగి మండీకే చేరాలి. విరిగినవి మాత్రం ఊళ్లోకి జారుకుంటాయి. కోళ్లగూడు, చెప్పుల అర, టీ అంగడి ముందు కూర్చునే పీట. 2023 జూలైలో కిలో టమాటా రెండొందల దగ్గరికి పోయినప్పుడు మార్కెట్టు యార్డులో ఆ క్రేటుకు దక్కిన గౌరవం చూసి తీరాల్సింది.

పట్టణం పక్కనే నీరుగట్టువారిపల్లె. పట్టుమగ్గాల ఊరు. పట్టుచీరకు బొంత అయ్యే యోగం లేదు, దానికి నిప్పులో దిగే యోగం ఉంది. 'పాత పట్టుచీరలు కొనబడును' అని గోడల మీద కనిపించే కాగితాలు జరీ కోసమే. అసలు జరీ అంటే పట్టుదారానికి వెండి తీగ చుట్టి, బంగారు పూత పెట్టింది. చీరను కాల్చితే పట్టు బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. కొనేవాడు వచ్చీరాగానే అంచులో ఒక పోగు లాగి గోటితో గీరతాడు. లోపల ఎర్రదారం కనబడితే బేరం మొదలవుతుంది. తెల్లదారం కనబడితే చీర మడిచి చేతిలో పెడతాడు. ముప్పై ఏళ్లు బీరువాలో పెద్దరికం చేసిన చీరల గుట్టు అట్లా అందరి ముందూ బయటపడ్డం చూశాను. కొన్నవాళ్ల మొహాలు చూడలేం.

బడుల్లో ఇప్పుడు 'చెత్త నుంచి కొత్త' పోటీలు పెడుతున్నారు. పిల్లలకు సీసా దొరకదు, ఇంట్లో ఎవరూ కూల్‌డ్రింకు తాగరు. కాబట్టి తండ్రి ఒక సీసా కొని, తాగించి, ఖాళీ చేస్తాడు. దానికి మెరుపు కాగితం, జిగురు తుపాకి, థర్మాకోలు ముత్యాలు కొత్తగా కొనాలి. అన్నీ అతికాక పెన్నుల గూడు తయారవుతుంది. ఇంట్లో పెన్నుల గూళ్లు అప్పటికే మూడుంటాయి, అవీ పోటీలవే. సీసాగా ఉన్నప్పుడు పాతసామాన్లవాడు కిలో లెక్కన తీసుకునేవాడు. జిగురూ మెరుపులూ అంటాక వాడూ ముట్టుకోడు. చెత్తను ఇంకా పెద్ద చెత్త చేసి బహుమతి తెచ్చుకోవడం ఇదే. పిల్లలను అనడం లేదు. వాళ్లకు చిరిగిన చొక్కా ఇచ్చి గుండీ కుట్టమంటే బాగుండేదని నా ఉద్దేశం.

2021 అక్టోబరు 2న ఇంటింటికీ మూడు రంగుల బుట్టల పథకం మొదలైంది. పచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు, ఎర్రది ప్రమాదకరమైనవాటికి. వాటితోపాటు చెత్త పన్నూ వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక పన్ను పోయింది. బుట్టలు ఉన్నాయి. మా వీధిలో నీలంబుట్టలో బియ్యం, ఎర్రబుట్టలో ఎర్రగడ్డలు పోసుకున్న ఇల్లు నాకు తెలుసు. ఆ ఇల్లాలిని తప్పుపట్టలేను, మంచి బుట్టలవి. అసలు చిక్కు బుట్టల్లో లేదు. షాంపూ పొట్లం, చిప్సు పొట్లం ఏ బుట్టలో వేసినా ఒకటే. ప్లాస్టిక్ మీద అల్యూమినియం, దాని మీద మళ్లీ ప్లాస్టిక్, మూడూ అతుక్కుని ఉంటాయి. వేటికవి విడదీయడానికి అయ్యే ఖర్చు వాటి విలువకన్నా ఎక్కువ. రోజంతా వీధులు తిరిగి సీసా, అట్ట, ఇనుము ఏరుకునేవాళ్లు కూడా ఈ పొట్లాలను దాటుకుని పోతారు. వాళ్లకన్నా పెద్ద నిపుణులెవరు?

పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే మనిషిదీ అదే చూపు. నెత్తిన గంప, భుజాన మూట. మొన్న మా ఆడబిడ్డ బీరువా సర్ది గుట్టెడు చీరలు బయటేసింది. అన్నీ తళతళలాడే పాలిస్టరు చీరలు, ఒక్కోటి రెండుసార్లు కట్టి ఉండదు. అడుగున మా అత్తమ్మవి రెండు నూలు చీరలు, ఉతికి ఉతికి సాలెగూడు లాగా పలచబడినవి. అతను పైనున్నవన్నీ పక్కకు తోసి అవి రెండూ తీసుకున్నాడు. మూతున్న స్టీలు డబ్బా ముందుకు జరిపాడు.

"ఇవన్నీ కొత్తవి కదయ్యా, అవేమో చినిగిపోయినవి" అంది ఆడబిడ్డ.

"మెకానిక్ షెడ్డోళ్లకు చేతులు తుడుచుకునే గుడ్డ కావాలక్కా. ఇవి నూనె పీల్చవు, జారిపోతాయి. ఎవురు కొంటారు?"

బేరం అరగంట నడిచింది. కట్టుకోవచ్చని ఆమె, తన భార్యకే ఇట్లాంటివి ఇంట్లో మూటలున్నాయని అతను. కడకు ఆ గుట్టంతటికీ ఒక స్పూను ఇచ్చాడు. అదీ డబ్బాకు కొసరుగా ఇస్తున్నానన్నాడు.