ఆట పెట్టెకు తాళం

"పిల్లల్ని వీడియో గేములు ఆడనివ్వవచ్చా?" అని సంఘంలో తల్లిదండ్రులు ఒకరినొకరు అడుగుతూ ఉంటారు. మేమూ అడిగినవాళ్లమే. దానికి మేము మొదట చెప్పుకున్న జవాబు ఒకటి, తరువాత ప్రభువు మాకు నేర్పినది మరొకటి. ఆ రెండింటి నడుమ మా ఇంట్లో జరిగిన సంగతి ఈ పత్రిక పాఠకులతో పంచుకోవాలనిపించింది.

కిందటి వేసవిలో మా తమ్ముడి భార్య ప్రభువునందు నిద్రించింది. తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. పదేళ్ల కొడుకును మా దగ్గర విడిచి తిరిగి వెళ్లక తప్పలేదు. పిల్లవాడు పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు, అంతే. మా అబ్బాయికి పదిహేనేళ్లు. అమెరికాలో ఉన్న వాడి మేనమామ తెచ్చి ఇచ్చిన నింటెండో స్విచ్ వాడి దగ్గర ఉంది. "తమ్ముణ్ణి కూడా ఆడించరా, కాస్త మరిచిపోతాడు" అని మేమే చెప్పాం.

వాళ్లు ఆడిన ఆట పేరు సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్. 2018 డిసెంబరులో వచ్చింది, మూడు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. వేర్వేరు ఆటల్లోని పాత్రలు ఒకే అరుగు మీదికి వచ్చి తలపడటమే ఇందులో విశేషం. మీసాల మారియో, పచ్చని పికాచు, నీలం రంగు సోనిక్, నోరు తెరుచుకుని తిరిగే పాక్‌మాన్, ఇలా అందరినీ లెక్కపెడితే 89 మంది. 1990లలో మారియో కంపెనీ నింటెండో, సోనిక్ కంపెనీ సెగా ఒకదానికొకటి బద్ధవిరోధులు. ఈ ఆటలో ఆ ఇద్దరూ పక్కపక్కన నిలబడతారు.

కొట్లాట ఆటే గాని రక్తం కనబడదు. చాలా కొట్లాట ఆటల్లో దెబ్బ తిన్నకొద్దీ ప్రాణం గీత తరిగిపోతుంది. ఇందులో దెబ్బ తిన్నకొద్దీ ఒక అంకె పెరుగుతుంది. అది పెరిగినకొద్దీ తరువాతి దెబ్బకు మరింత దూరం ఎగిరిపడతారు. తెర హద్దు దాటిపోతే ఓడినట్టు. ఈలోగా ఎలాగో ఎగిరి అరుగు అంచు పట్టుకోగలిగితే మళ్లీ పైకి రావచ్చు.

మూడు వారాలు గడిచేసరికి చిన్నవాడు ఆ గదిలోకి వెళ్లడం మానేశాడు. అడిగితే "నాకు రాదు పెద్దమ్మా" అన్నాడు. ఒక రాత్రి దుప్పటి కప్పుకుని ఏడుస్తూ దొరికాడు. చాలాసేపు బుజ్జగించాక ఒక్క మాట చెప్పాడు. "అంచు పట్టుకుని పైకి వస్తుంటే, అన్నయ్య ప్రతిసారీ మళ్లీ తోసేస్తాడు."

ఆ మాట విని మేమిద్దరం ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారగానే పెట్టె తీసి బీరువాలో పెట్టి తాళం వేశాం. తప్పంతా ఆటదేనని తీర్మానించుకుని తృప్తిపడ్డాం.

రెండు వారాలు గడిచాయి. చిన్నవాడి ముఖంలో మార్పు లేదు. పెద్దవాడు మాతో మాట్లాడటం తగ్గించాడు. అన్నదమ్ములు ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బీరువాకు తాళం వేయగలిగాం గాని పిల్లల మధ్య ప్రేమ పుట్టించలేకపోయాం.

ఒక సాయంత్రం పెద్దవాడు ఉండబట్టలేక, ఆ ఆట మంచిదని మాతో వాదించాడు. దాన్ని రూపొందించిన జపాను ఆయన మసాహిరో సకురాయ్ గురించి చెప్పాడు. ఆయన ఒకసారి ఆటల హాలులో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 95 అనే ఆట ఆడుతూ ఎదుటివారిని చిత్తుగా ఓడించాడట. లేచి చూస్తే అవతల ఉన్నది అప్పుడే నేర్చుకుంటున్న ఒక జంట. వాళ్ల సరదా పాడుచేశానే అని ఆయనకు బాధ కలిగింది. కొత్తవాళ్లు కూడా కలిసి నవ్వుతూ ఆడగల ఆట కావాలన్న తలంపు అలా బలపడిందట. 1999లో మొదటి స్మాష్ బ్రదర్స్ వచ్చింది. అందుకే ఇందులో కష్టమైన మీటల వరుసలు కంఠస్థం చేయనక్కరలేదని వాడు ఉత్సాహంగా చెప్పుకుపోయాడు.

మేము ఒకే ప్రశ్న అడిగాం. "ఆ కథలో నువ్వు ఎవరివి నాన్నా?"

వాడు తల దించుకున్నాడు. నాతాను ప్రవక్త గొర్రెపిల్ల కథ చెప్పినప్పుడు దావీదు తన తీర్పు తానే చెప్పుకున్నట్టు, మావాడు తన కథ తానే చెప్పుకున్నాడు.

ఆ శనివారం వాడే తాళంచెవి అడిగాడు. ఆట నియమాల్లో, బాగా వచ్చినవాడు ముందే కొంత దెబ్బ తిన్నట్టుగా మొదలుపెట్టే ఏర్పాటు ఉందట. మొదట అలా ఆడారు. తరువాత ఇద్దరూ ఒకే జట్టుగా కంప్యూటరు మీద ఆడటం మొదలుపెట్టారు.

ఇంత చెప్పామని ఆటలో లోపాలు లేవనుకోవద్దు. మేమూ పక్కన కూర్చుని చూశాం. బయొనెట్టా అనే పాత్ర ఒక మంత్రగత్తె. ఆమె సొంత ఆటల్లో దేవదూతల రూపాలతో పోరాడుతుంది, అవి పెద్దల కోసం చేసినవి. ఆ పాత్రను మా ఇంట్లో ఎంచుకోవద్దని పిల్లలతో మాట్లాడి ఒప్పించాం. ఒంటరిగా ఆడే కథాభాగంలో వెలుగు ఒక శత్రువు, చీకటి మరో శత్రువు, రెండూ సమానబలం గలవి. మన విశ్వాసం అలా చెప్పదు. వెలుగు చీకటికి ఎన్నడూ జోడు కాదు. దీని గురించి కుటుంబ ప్రార్థనలో ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నాం. పైగా ఆ భాగం మరీ సుదీర్ఘం, ఒకే రకం పోరాటాలు పదేపదే వస్తాయి. తరువాత చేర్చిన పాత్రలకు వేరే వెల ఉంది, పిల్లల మనసు అటు లాగుతుంది. ఇంటర్నెట్టు మీద ముక్కూ ముఖం తెలియనివారితో ఆడితే ఆట నత్తనడక నడుస్తుంది, కోపం మాత్రం పరుగెత్తుతుంది. అది మేము ఒప్పుకోలేదు.

అయితే వీటన్నిటికంటె పెద్ద లోపం మాది. తల్లిని పోగొట్టుకున్న పసివాడి దుఃఖాన్ని మేము ఒక యంత్రానికి అప్పగించి మా పనుల్లో మునిగిపోయాం. అది చేయలేకపోయేసరికి దానికే శిక్ష వేశాం. బలవంతులు తమ సుఖం చూసుకోక బలహీనులను భరించాలని పౌలు రోమా సంఘానికి వ్రాశాడు. ఆ మాట మావాడికి చెప్పడానికి బైబిలు తెరిచాం. చదువుతుంటే అది ముందు మమ్మల్నే తాకింది.

తోటి తల్లిదండ్రులారా, మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే తాళం వేసే ముందు ఒక్క గంట పిల్లల పక్కన కూర్చోండి. ఎవరు గెలుస్తున్నారో కాదు, ఓడినవాడి ముఖం ఎలా ఉందో చూడండి. ఆ తరువాత తాళం అవసరమనిపిస్తే వేయండి.

ఇప్పుడు మా ఇంట్లో శనివారం గంటసేపే ఆట. మేమూ ఆడుతున్నాం, అందరికంటె ముందు పడిపోయేది మేమే. కిందటి ఆదివారం ఆరాధన అయ్యాక కువైట్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. చిన్నవాడు ఫోను లాక్కుని చెప్పిన మొదటి మాట ఇది: "నాన్నా, నిన్న నేను పడిపోతుంటే అన్నయ్య వచ్చి అడ్డం నిలబడ్డాడు. ఇద్దరం గెలిచాం!"

అవతల తమ్ముడు చాలాసేపు మాట్లాడలేకపోయాడు. ప్రభువుకే స్తోత్రం.